సంతకం ఉంటే సరిపోతుందా?

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో మా వీధి పెద్దమ్మ ఒకావిడ ఉంది. 2001లో గనులు మూతపడ్డాక తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు వెళ్లి, ఇళ్లలో పాచిపని చేసి పిల్లల్ని పెంచింది. మిగుల్చుకున్న 2 లక్షలు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసుకుంది. గడువు తీరి మళ్లీ వేయడానికి వెళ్తే, "ఇంతకంటే మంచిది ఉందమ్మా, ఇక్కడ సంతకం పెట్టు" అన్నారు. పెట్టింది. ఏడాది తిరగ్గానే రెండో ప్రీమియం 2 లక్షలు కట్టమని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. అప్పుడు తెలిసింది, అది డిపాజిట్ కాదు, జీవిత బీమా పాలసీ అని.

ఫిర్యాదు రాసిచ్చాం. బ్యాంకు నాలుగు ముక్కల్లో జవాబిచ్చి ఫైలు మూసేసింది. సంతకం మీదే. ఫోన్‌లో అడిగినప్పుడు సరేనన్నారు. పాలసీ వెనక్కిచ్చే గడువు దాటిపోయింది. పాలసీ బీమా కంపెనీది, మేం ఏజెంట్లం మాత్రమే.

ఈ నాలుగింటిలో ఒక్కటీ మేం అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. కూలి డబ్బు మీద బతికే వితంతువుకు ఏటా 2 లక్షల ప్రీమియం పాలసీ ఎలా తగినదని తేల్చారు? దరఖాస్తు నకలు తెప్పించి చూస్తే ఆమె వృత్తి "వ్యాపారం", ఏడాది ఆదాయం 8 లక్షలు! ఆ అంకె ఆమె చెప్పలేదు, రాయలేదు.

ఆమె చదవగలిగింది తెలుగొక్కటే, అదీ బైబిలు చదువుతూ నేర్చుకున్నది. ఆమెకొచ్చే కన్నడ బజారులో బేరమాడటానికి సరిపోతుంది. దరఖాస్తు ఇంగ్లీషులో ఉంది. కొనేవారు స్వయంగా దరఖాస్తు నింపకపోతే, అందులోని సంగతులు వారికి పూర్తిగా వివరించినట్టు ధృవీకరణ ఉండాలి. ఇక్కడా ఉంది. "ఆమెకు తెలిసిన భాషలో వివరించాను" అని సంతకం పెట్టింది ఎవరు? పాలసీ అమ్మిన ఉద్యోగే. ఆయనకు తెలుగు రాదు. బ్యాంకు పెద్దమ్మ సంతకం చూసింది గానీ, దాని కిందున్న ఈ సంతకం చూడలేదు.

పెద్దవాళ్లు సంతకం పెట్టేముందు చూసుకోవద్దా అని కొందరు అడుగుతారు. చూసుకోవాలి, నిజమే. కానీ ఆమె నమ్మింది వీధిలో తిరిగే అపరిచితుణ్ణి కాదు, ఏళ్ల తరబడి తన డబ్బు దాచిన కౌంటరును. ఆ నమ్మకాన్ని వాడుకునే బ్యాంకు పాలసీ అమ్మి కమీషన్ తీసుకుంటుంది. కమీషన్ తీసుకునేటప్పుడు తనది, ఫిర్యాదు వచ్చేసరికి కంపెనీదా? టార్గెట్ల కింద నలిగే చిన్న ఉద్యోగి మీద నాకు కోపం లేదు. టార్గెట్ పెట్టినవారే ఫిర్యాదు మీద తీర్పు కూడా చెప్పడం అన్యాయం అంటున్నాను.

అందుకే బ్యాంకు జవాబుతో ఆగిపోకండి. పాలసీ చేతికందిన 30 రోజుల్లోపు అయితే ఏ మోసమూ రుజువు చేయనక్కర్లేదు, వద్దని వెనక్కివ్వచ్చు. ఆ గడువు దాటినంత మాత్రాన తప్పుడు మాటలతో అంటగట్టారన్న ఫిర్యాదు చచ్చిపోదు. ముందు బీమా కంపెనీకి రాతపూర్వకంగా రాసి రసీదు తీసుకోవాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఆయన ఇచ్చే తీర్పుకు కంపెనీ కట్టుబడాలి. కర్ణాటకవారికి బెంగళూరులో, తమిళనాడువారికి చెన్నైలో, ఒడిశావారికి భువనేశ్వర్‌లో కార్యాలయాలున్నాయి. మహారాష్ట్రలో ముంబయి, పుణెల్లో ఉన్నాయి. యానాం మాత్రం హైదరాబాద్ కార్యాలయం కిందకు వస్తుంది. బీమా నియంత్రణ సంస్థ ఫిర్యాదుల నంబరు 155255.

పెద్దమ్మ ఫిర్యాదు ఇప్పుడు బెంగళూరు అంబుడ్స్‌మన్ దగ్గరుంది. తీర్పు ఇంకా రాలేదు. దరఖాస్తు నకలు, బ్యాంకు జవాబు, రైలు సీజన్ పాసులు అన్నీ జతచేశాం. ఆ పాసులు ఎందుకని ఆమె అడిగింది. ఏడాదికి 8 లక్షలు సంపాదించే వ్యాపారి ఇళ్లలో అంట్లు తోమడానికి రోజూ రైలెక్కదు కదా పెద్దమ్మా, అన్నాను.

మీ ఇంట్లో, మీ వీధిలో ఇలాంటి పాలసీ కాగితం ఉంటే ఈ వారమే బయటికి తీయండి. చదవలేనివారి పక్కన కూర్చుని తెలుగులో చదివి చెప్పండి. ఆదాయం దగ్గర ఏమి రాశారో, "వివరించాను" అన్నచోట ఎవరు సంతకం పెట్టారో ముందు చూడండి.