ఉద్దానంలో క్రియాటినిన్ అంకె ఒక్కటే చూస్తే చాలదు

‘క్రియాటిన్ ఎంతొచ్చింది?’ కిడ్నీ జబ్బు పీడిస్తున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో బియ్యం ధర అడిగినట్టు అడిగే ప్రశ్న ఇది. కవిటి మండలంలో జీవశాస్త్రం చెప్పే మాస్టారిని నేను. ఆ అంకె ఒంట్లో ఎక్కడ పుడుతుందో తెలిస్తే రిపోర్టు చదివే తీరే మారుతుందని నా నమ్మకం.

కొబ్బరి చెట్టెక్కే మనిషి ఒక్క ఊపున పైకి లేస్తాడు. ఆ క్షణంలో తొడ కండరానికి శక్తినిచ్చేది ఏటీపీ. కణంలో దాని నిల్వ రెండు మూడు సెకన్లకు మించి రాదు. తిన్న అన్నం గ్లూకోజై, అది మైటోకాండ్రియాలో ఆక్సిజన్ సాయంతో కరిగి కొత్త ఏటీపీ తయారయ్యేలోగా ఫాస్ఫోక్రియాటిన్ ఆదుకుంటుంది. తన ఫాస్ఫేటును ఇచ్చేసి తాను క్రియాటిన్‌గా మిగిలి, ఏటీపీ ఖర్చయ్యాక మిగిలిన ఏడీపీని మళ్లీ ఏటీపీగా నిలబెడుతుంది. 1927లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి దీన్ని కనుగొన్నది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే. 1929లో కండరం నుంచి ఏటీపీని వేరుచేసిందీ వాళ్లిద్దరే. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా ఆ పని చేశాడు.

కండరంలోని క్రియాటిన్‌లో రోజుకు నూటికి రెండు వంతుల దాకా తనంతట తానే క్రియాటినిన్‌గా మారిపోతుంది. కణానికి దానితో ఇక పనిలేదు. రక్తంలో కలిసిన దాన్ని మూత్రపిండాలు వడగట్టి పారేస్తాయి. వడపోత మందగిస్తే రక్తంలోనే పేరుకుంటుంది. ఊళ్లో ‘క్రియాటిన్’ అని అడిగినా, రిపోర్టులో కనిపించేది ఈ క్రియాటినినే.

కండ పట్టిన వాడిలో ఇది ఎక్కువ పుడుతుంది, బక్కపలచని మనిషిలో తక్కువ. అసలు చిక్కంతా ఇక్కడే. పలాసలో జీడి పిక్కలు కొట్టే అప్ప ఒకామె తన కాగితం చూపించింది. వయసు అరవై. క్రియాటినిన్ 1.1. పక్కనే 1.2 దాకా నార్మల్ అని అచ్చేసి ఉంది. ‘ఫరవాలేదన్నారు మాస్టారూ’ అంది ధైర్యంగా. అదే 1.1 పాతికేళ్ల కుర్రాడికి వస్తే వడపోత శక్తిని చెప్పే ఈజీఎఫ్ఆర్ 95 దాకా ఉంటుంది. ఆమెకు లెక్కేస్తే 57. అది 60 లోపు మూడు నెలలకు పైగా కొనసాగితే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి కిందే లెక్క. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం నుంచి ఉద్దానానికి వంశధార తాగునీళ్లు తెచ్చే పథకమూ అప్పుడే ప్రారంభమైంది. రెండూ కావలసినవే. కానీ ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. అందాకా ముందుగా పసిగట్టడమే మన చేతిలో ఉన్నది.

ఈజీఎఫ్ఆర్ కోసం మరో చుక్క రక్తం తియ్యక్కర్లేదు. క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నది తెలిస్తే చాలు. జిల్లాలోని ప్రతి ల్యాబూ, ప్రతి పీహెచ్‌సీ దాన్ని రిపోర్టులో అచ్చెయ్యాలి, ప్రభుత్వం తప్పనిసరి చెయ్యాలి. అప్పటిదాకా కాగితం చేతికొచ్చిన ప్రతి ఒక్కరూ ‘నా ఈజీఎఫ్ఆర్ ఎంత?’ అని అడగండి. 60 లోపు ఉంటే వెంటనే డాక్టరును కలవండి, మూత్రపిండాలకు చేటు చేసే ఒళ్లునొప్పుల బిళ్లలు మందుల షాపులో కొని మింగడం మానండి.