కుట్టుమిషను సొరుగులోని డబ్బు



గత రమజాన్ నెలకు పది రోజుల ముందు, మగ్రిబ్ నమాజు ముగిసిన తరువాత, మా మదరసా గుమ్మం వద్ద ఒక సోదరి నిలబడి ఉన్నారు. మా వద్ద నాజిరా చదువుతున్న ఒక పిల్లవాని తల్లి. కొడంగల్‌లోనే కాపురం. భర్త తాండూరులో బండల పాలిష్ యూనిట్‌లో దినకూలి. ఆమె ఇంట్లోనే రోజులో సగం పూట కుట్టుపని చేస్తారు. జాకెట్లు, ఆడపిల్లల గౌన్లు, చీరలకు ఫాల్, పికో. ఆమె అడిగిన ప్రశ్న చిన్నదే. "మౌల్వీసాబ్, నా కుట్టుపని డబ్బుపై జకాత్ ఇవ్వవలసింది నేనా, మా ఆయనా?"

మసలా సులభమైనదే. ఎవరి సొమ్మో వారిపైనే జకాత్. "నీ సంపాదన నీదే బేటీ. జకాత్ విధి అయితే నీపైనే అవుతుంది. నీ దగ్గర ఇప్పుడు ఎంత ఉంది?" అని అడిగాను. ఆమె కొంతసేపు మౌనంగా ఉండి, "ఏమీ లేదు సాబ్" అన్నారు. నాలుగేళ్లుగా మిషను తొక్కుతున్న మనిషి చెప్పిన మాట అది.

వచ్చిన డబ్బు మిషను సొరుగులో వేస్తారట. కిరాణాకు, పాలకు, కరెంటు బిల్లుకు, చుట్టాలు వస్తే మాంసానికి భర్త ఆ సొరుగులోంచే తీసుకుంటారట. అడిగి తీసుకోవడం లేదు, అలాగని దొంగతనంగానూ కాదు. ఇంటి కుండలోని నీళ్లు ముంచుకున్నట్లు ముంచుకుంటున్నారు. ఇది చాలదన్నట్లు, వారం కిస్తీల ఫైనాన్స్‌లో ఆమె పేరుతో నలభై వేల అప్పు ఉంది. అలాంటి గ్రూపు రుణాలు ఆడవారి పేరుతోనే ఇస్తారు కదా. ఆ డబ్బు వెళ్లింది మాత్రం ఆడబిడ్డ పెండ్లిలో జోడే కీ రఖంకు. అల్లాహ్ మనలను క్షమించుగాక! వరుడు మహర్ ఇచ్చి వధువును తెచ్చుకోవలసిన సమాజంలో, వరునికి నగదు ఇచ్చేందుకు వదినె పేరుతో వడ్డీ అప్పు!

మరునాడు ఆమె భర్తను పిలిపించాను. మంచివాడు, నమాజీ. వ్యసనం ఏదైనా ఉందంటే అది చాయ్, గుట్కా మాత్రమే. నా మాట విని ఆశ్చర్యపోయాడు. "ఆమె డబ్బు, నా డబ్బు అని వేరేమిటి మౌల్వీసాబ్? ఇల్లు ఒక్కటే కదా!" అన్నాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కారణం దాచుకోను. ఇరవై రెండేళ్లుగా మా ఇంట్లో కూడా అదే మాట నడిచింది. మా ఇంటావిడ మొహల్లా ఆడపిల్లలకు ఖుర్‌ఆన్ నేర్పుతూ, మధ్యాహ్నాలు బట్టలు కుట్టేది. మదరసా జీతం నెల చివరి వరకు రాని కాలంలో ఆ చిన్న రాబడితోనే మా పొయ్యి వెలిగింది. ఆ డబ్బు నీదేనా, వాడుకోవచ్చునా అని నేను ఒక్కసారి కూడా అడిగిన గుర్తు లేదు. ఫిఖహ్ పాఠంలో 'నఫఖా' అధ్యాయం ఏటా పిల్లలకు బోధిస్తూనే ఉన్నాను. పాఠం తరగతి గది దాటి మా వంటగది దాకా రాలేదు.

షరీఅత్ చెప్పేది స్పష్టం. భార్యాబిడ్డల తిండి, బట్ట, ఇల్లు భర్తపై విధి. భార్య సంపన్నురాలైనా ఈ బాధ్యత ఆమెపైకి మారదు. ఎవరి స్తోమత కొద్దీ వారు ఖర్చు చేయాలని సూరహ్ తలాఖ్ ఏడవ ఆయత్‌లో ఆదేశం ఉంది. స్తోమతకు మించి ఎవరిపైనా భారం మోపలేదని కూడా అక్కడే ఉంది. పురుషులు సంపాదించిన దానిలో వారి వాటా, స్త్రీలు సంపాదించిన దానిలో వారి వాటా వేర్వేరుగా సూరహ్ నిసా 32వ ఆయత్‌లో ప్రస్తావించబడ్డాయి. చాలినంత ఖర్చు ఇవ్వని భర్త గురించి హజ్రత్ హింద్ (రజి) ఫిర్యాదు చేసినప్పుడు, తనకూ పిల్లలకూ మర్యాద ప్రకారం సరిపోయేంత ఆయన సొమ్ములోంచి తీసుకోవచ్చునని దైవప్రవక్త (స) అనుమతించారు. గమనించండి, చెప్పకుండా తీసుకునే అనుమతి భార్యకు లభించింది. భర్తకు భార్య సొమ్ములో అలాంటి అనుమతి ఎక్కడా లేదు.

ఇక హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) గారి సతీమణి హజ్రత్ జైనబ్ (రజి) సంఘటన మనలో చాలామందికి తెలుసు. ఆమె చేతిపనితో సంపాదించేవారని కొన్ని ఉల్లేఖనాలలో ఉంది. భర్త పేదవారు. ఆయనపై ఖర్చు చేస్తే సరిపోతుందా అని ఆమె అడిగించగా, ఆమెకు రెండు పుణ్యాలు లభిస్తాయని, ఒకటి బంధుత్వానికి, మరొకటి దానానికి అని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఈ హదీసును మన మగవారు చాలా ఇష్టంగా వినిపిస్తారు. "చూశావా, భార్య ఖర్చు పెడితే ఎంత పుణ్యమో!" అంటారు. కానీ దానిలోని అసలు మాటను దాటిపోతారు. దానమని పేరు పెట్టారంటే అది ఆమె సొంత సొమ్ము అనే కదా? బాకీ తీర్చినవారికి దానం చేసిన పుణ్యం రాదు. ఆమె ఇచ్చిన ప్రతి రూపాయీ ఉపకారమే. ఉపకారం పొందినవాడు కనీసం ఆ సంగతి తెలుసుకొని ఉండాలి.

ఆ దంపతులను కూర్చోబెట్టి లెక్క వ్రాయించాము. 'వ్రాయించాము' అనడం ఎందుకంటే, వ్రాసింది వారి తొమ్మిదో తరగతి అమ్మాయి. ఇంట్లో మాట్లాడేది దక్కనీ, లెక్క వ్రాసేది తెలుగులో. మన ఇండ్లలో చాలావరకు ఇంతే. తండ్రికి పని దొరికిన రోజు ఆరు వందలు. నెలకు సుమారు ఇరవై రోజులు, అంటే 12,000. వానాకాలంలో గనుల గుంతలలో నీరు నిలిచి బండ రాకపోతే ఇది సగానికి పడిపోతుంది. తల్లికి పెండ్లిళ్ల నెలలు, రమజాన్ కలుపుకొని సగటున 4,500. దారం, లైనింగ్ గుడ్డ, సూదులు, మిషను మరమ్మతు, కరెంటు కలిపి 900 తీసివేస్తే మిగిలేది 3,600. వారం కిస్తీ 920, నాలుగు వారాలకు 3,680.

అమ్మాయి కలం ఆపి తల్లి వైపు చూసింది. నెలంతా వంగి కుట్టిన శ్రమ మొత్తం కిస్తీకే పోతున్నది. ఇంకా ఎనభై రూపాయలు తక్కువ.

అప్పు లెక్క కూడా చూద్దాం. 40,000కు యాభై వారాలు, వారానికి 920. మొత్తం 46,000. "సంవత్సరానికి నూటికి పదిహేనే కదా సాబ్" అన్నాడు ఆయన. పదిహేను కాదు. మొదటి వారం నుంచే అసలు కొంత తిరిగి వెళ్లిపోతూ ఉంటుంది. ఏడాది మొత్తంలో సగటున వారి చేతిలో ఉన్నది ఇరవై వేలు మాత్రమే. ఇరవై వేలకు ఆరు వేలు, అంటే నూటికి దాదాపు ముప్పై. మన ఊరి లెక్కలో నెలకు నూటికి రెండున్నర రూపాయల వడ్డీ. "రెండున్నర వడ్డీకి సాహుకారి గడప తొక్కుతావా?" అని అడిగితే, తొక్కనన్నాడు. వడ్డీ పదిహేనైనా, ముప్పైయైనా, ఒకటైనా ధర్మం దృష్టిలో హరామే. ఈ లెక్క ధర్మం కోసం కాదు, జేబు కోసం వేశాను. జేబు లెక్క తెలియనివారికి హరామ్ చవకగా కనిపిస్తుంది.

ఈ వారం కిస్తీల కథ మన ప్రాంతానికి కొత్త కాదు. కొడంగల్ ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న రోజులలో, 2010లో, ఉమ్మడి రాష్ట్రమంతటా సూక్ష్మరుణాల వసూళ్ల వేధింపుల గురించి గగ్గోలు పుట్టింది. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లలో బలవంతం కూడదని, వడ్డీ అసలును మించకూడదని నిర్దేశించింది. చట్టం వసూలు చేసేవాని చేయి పట్టుకోగలదు. అప్పు తెచ్చి ఆడబిడ్డ పెండ్లిలో పెట్టే చేతిని ఎవరు పట్టుకుంటారు?

అన్నిటికన్నా నన్ను భయపెట్టినది, ఆ కాగితంపై ఉన్న పేరు. అప్పుతో మరణించిన ఒకరి జనాజా వచ్చినప్పుడు, కొద్ది దీనార్ల బాకీని హజ్రత్ అబూ ఖతాదా (రజి) తన మీద వేసుకునేంతవరకు దైవప్రవక్త (స) స్వయంగా నమాజు చేయించలేదు. ఈ సంగతి చెప్పి, "నీ భార్య ఈ రాత్రి కన్నుమూస్తే ఈ నలభై వేలు ఎవరి మెడపై ఉంటాయి?" అని అడిగాను. ఆయన తల వంచుకున్నాడు. ఆ అప్పు తనదని, తానే తీరుస్తానని ఇద్దరి సమక్షంలో కాగితంపై వ్రాసి సంతకం చేశాడు. అప్పు వ్రాసుకోవాలని సూరహ్ బఖరహ్ 282వ ఆయత్ ఆదేశిస్తుంది. దివ్యఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అదే. భార్యాభర్తల మధ్య వ్రాతకోతలు ఎందుకని అక్కడ మినహాయింపు ఏదీ లేదు.

కిస్తీ ఇకపై కూలి డబ్బులోంచే వెళ్లాలి. మరి ఇల్లు ఎలా నడవాలి? ఆయన జేబుఖర్చు రోజుకు ఇరవై అని చెప్పాడు. అమ్మాయి నెల రోజులు వ్రాసి చూస్తే 1,740 తేలింది. అందులో గుట్కా పూర్తిగా పోయింది, చాయ్ సగమైంది. ఆమె తన ఇష్టపూర్వకంగా నెలకు రెండు వేలు ఇంటికి ఇస్తానన్నారు. ఎంత ఇస్తారో నేను చెప్పలేదు, ఆయననూ చెప్పనివ్వలేదు. మిగిలినది సొరుగులో కాదు, తాళం ఉన్న డబ్బాలో. తాళంచెవి ఆమె కొంగున.

డబ్బు ఒక్కటే లెక్క కాదు, పూట కూడా లెక్కే. సగం పూట పని అంటాము గానీ, ఆ సగం ఎక్కడినుంచి వస్తున్నది? జుహర్‌కు, అసర్‌కు మధ్య మిషను తొక్కితే అప్పటి వంట మగ్రిబ్ తరువాతకు, అప్పటి నిద్ర అర్ధరాత్రి తరువాతకు జరుగుతుంది. లైనింగ్ గుడ్డకు ఆమె తాండూరు వెళతారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి టికెట్టు లేదు, సంతోషమే. కానీ బస్సు ఉచితమైనా పూట ఉచితం కాదు. ఇప్పుడు ఆ గుడ్డను పని నుంచి తిరిగి వచ్చేటప్పుడు భర్తే తెస్తున్నాడు. తెల్లవారుజామున నీళ్లు పట్టేదీ అతడే. ఇది చిన్నతనమని అనుకునేవారు, దైవప్రవక్త (స) ఇంట్లో ఏమి చేసేవారని అడిగినప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) ఏమన్నారో తెలుసుకోవాలి. ఇంటివారి పనిలో ఉండేవారని, నమాజు వేళకు బయలుదేరేవారని ఆమె చెప్పారు. చెప్పులు, బట్టలు స్వయంగా కుట్టుకునేవారని కూడా ఉల్లేఖనాలున్నాయి. నేను మా ఇంట్లో కూరగాయలు తరగడం మొదలుపెట్టి ఏడాది అయింది. ఉల్లిగడ్డ ఇంకా సన్నగా రావడం లేదు.

అప్పు అవసరం మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే చీటీ గురించి రెండు మాటలు. వేలం చీటీలో, ఇరవై మంది తలా వేయి వేస్తే ఇరవై వేలవుతుంది. ఆపదలో ఉన్నవాడు నాలుగు వేలు వదులుకొని పదహారు వేలు తీసుకుంటాడు. కట్టేది మాత్రం ఇరవై వేలు. ఆ నాలుగు వేలను మిగిలినవారు పంచుకుంటారు. పేరు ఏదైనా అది వడ్డీయే. అలాకాక, అందరూ సమానంగా వేసి, పేరు వచ్చినవారు పూర్తి మొత్తం తీసుకొని, చివరి నెల వరకు అంతే కట్టే చీటీ పరస్పర ఖర్జే హసన. దానిని అత్యధిక ఉలమాలు అనుమతించారు. మా వీధిలో పన్నెండుమంది ఆడవారు ఇలాంటిది నడుపుకుంటున్నారు. ఎవరికైనా కాన్పో, ఆపరేషనో వస్తే వంతు మార్చుకుంటారు. 1961లో దేవ్‌బంద్‌లో ముస్లిం ఫండ్, 1966లో హైదరాబాదులో తూర్ బైతుల్ మాల్ ఇలాంటి ఆలోచనతోనే పుట్టాయి. బంగారం కుదువ పెట్టుకొని వడ్డీ లేకుండా అప్పు ఇచ్చే పద్ధతి అది. ప్రతి మసీదు కమిటీ మినారు ఎత్తు పెంచే ముందు దీని గురించి ఒకసారి కూర్చొని మాట్లాడుకుంటే బాగుంటుంది.

ఇక ఆ సోదరి అడిగిన అసలు మసలా. ఆమెకు పెండ్లినాటి రెండు తులాల బంగారం ఉంది. వెండి లేదు, అవసరాలకు మించిన నగదు లేదు. కేవలం బంగారమే ఉంటే ఏడున్నర తోలాలు, అంటే 87.48 గ్రాములు నిండాలి. జాగ్రత్త, ఇది పాత తోలా లెక్క. నేటి దుకాణాలలో తులం అంటే పది గ్రాములే కనుక, బజారు లెక్కలో అది ఎనిమిది ముప్పావు తులాలు. అయితే కొద్ది బంగారంతోపాటు కొంత నగదు కూడా నిలువ ఉంటే, హనఫీ ఫిఖహ్ ప్రకారం రెండింటి విలువను కలిపి యాభై రెండున్నర తోలాల వెండి, అంటే 612.36 గ్రాముల వెండి విలువతో పోల్చి చూడాలి. అందుచేత చేతిలో రూపాయి నిలవని ఆ సంవత్సరం ఆమెపై జకాత్ లేదని చెప్పాను. ఆ డబ్బాలో డబ్బు నిలవడం మొదలైతే మాత్రం లెక్క మారుతుంది, అప్పుడు మళ్లీ వచ్చి అడగమన్నాను.

ఇంకా తొమ్మిది కిస్తీలున్నాయి. మొన్న కొడుకును దిగబెట్టడానికి వచ్చినప్పుడు ఆమె గుమ్మం వద్దనే ఆగి, "మౌల్వీసాబ్, వచ్చే రమజాన్‌కు నామీద జకాత్ పడాలని దుఆ చేయండి" అన్నారు.