తోపులు పోసిన చేతుల పేర్లేవి?

ఆబిడ్స్ దాటి బషీర్‌బాగ్ పోయే దారిలో వచ్చే గన్‌ఫౌండ్రీని మన బుజుర్గులు తోప్ కా సాంచా అనేవాళ్లు. సాంచా అంటే అచ్చు. 1786లో నిజాం అలీఖాన్ హుకూమత్‌లో ఫ్రెంచి జనరల్ రేమండ్ అక్కడ తోపుల కార్ఖానా పెట్టించాడు. ఇవాళ ఆ పేరు వింటే జనానికి బ్యాంకే గుర్తొస్తుంది.

రేమండ్‌కు మాత్రం యాద్గార్ ఉంది. 1798 మార్చి 25న చనిపోయాడు. మలక్‌పేట అవతల గుట్టమీద నల్లరాతి సమాధి, పక్కన ఎత్తైన స్తంభం. ముసల్మాన్లు ఆయన్ను మూసా రహీమ్ అన్నారు, హిందువులు మూసారామ్ అన్నారు. మూసారాంబాగ్ ఆ పేరే. పరాయి దేశపోడికి ఈ షహర్ ఇచ్చిన ఇజ్జత్ చూస్తే నాకు ఖుషీయే. నా పేచీ ఆయనతో కాదు.

ఆయన కింద 14 వేల దాకా సిపాయీలుండేవాళ్లు. ఇనుము కరిగించినోళ్లు, తోపుబండ్లు లాగినోళ్లు, బత్తీ అంటించినోళ్లు. వాళ్ల పేరున ఒక్క రాయి చూపించండి!

ఆయన పోయిన అయిదు నెలలకే, సెప్టెంబర్ 1న నిజాం ఇంగ్లీషువాళ్లతో సంధి చేసుకున్నాడు. ఫ్రెంచి ఫౌజ్‌ను రద్దు చెయ్యాలి, కంపెనీ పల్టన్లు ఆరింటిని పోషించాలి. ఏడాదికి 24 లక్షల పైచిలుకు రూపాయలు! ఇక్కడ సొంత సిపాయీల తలబ్ బకాయి. అక్టోబర్‌లో వాళ్లు తిరగబడి, అఫ్సర్లను పట్టుకుని జీతం అడిగారు. 22వ తారీఖున కంపెనీ ఫౌజ్ చుట్టుముట్టి హథియార్లు కింద పెట్టించింది. రక్తం చుక్క రాలలేదని తవారీఖ్ రాసేవాళ్లు మెచ్చుకుంటారు. ఆ రాత్రి ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలగలేదో ఎవరు రాశారు?

జల్సాల్లో 'నిజాం దౌర్ సోనే కా దౌర్' అని తఖ్రీర్ చేసే హజ్రత్‌లు ఈ సంగతి దాటేస్తారు. అవతల, మనల్ని చూడగానే 'నవాబుల ఔలాద్' అనేవాళ్లు ఉన్నారు. ఆటో నడిపేవాడు, పంక్చర్ వేసేవాడు కూడా నవాబే వాళ్లకు! ఇద్దరిదీ ఒకటే అబద్ధం. భాయీ, మనలో చాలామందిమి సిపాయీల, ఖలాసీల, లోహారుల సంతానం. కూలికి తోపులు పోసినోళ్ల సంతానం.

గోడలు మిగిలిన ఆ కార్ఖానా దగ్గర, రేమండ్ గుట్టమీద, ఉర్దూలో, తెలుగులో సిపాయీల సంగతి చెప్పే పలక పెట్టాలి. పురావస్తు శాఖను అడుగుదాం. షాదీ ఖానాల డెకరేషన్‌కు చందాలు పోగేసే మనకు అదేమంత బరువు?

ఈలోపు ఒక పని చెయ్యండి. అమ్మీజాన్ సందూఖ్‌లో తాతల నాటి సనద్, పింఛన్ కాగితం ఏదైనా ఉంటే రద్దీవాడికి వెయ్యకండి. ఫోటో తీసి పంపండి. ఉర్దూ మీడియం చదివినోణ్ణి, షికస్తా రాతైనా సరే, కూర్చుని కూడబలుక్కుంటా.