సీమ చేలు - సీమ చదువులు

మన తాతలు ఇంగ్లండును సీమ యనెడివారు. అక్కడినుండి దిగిన గుడ్డ సీమగుడ్డ. అక్కడ చదివి వచ్చినవాడు సీమకు పోయివచ్చినవాడు. 1928లో నంద్యాల సభయందు చిలుకూరి నారాయణరావుగారు దత్తమండలములకు రాయలసీమ యని పేరు సూచించిన పిదప మనకు సీమలు రెండైనవి. నేడు కర్నూలు, కడప మండలములలో ఈ సీమ చేలమ్మి ఆ సీమ చదువులు కొనుచున్నారు. లండను స్థానమున అమెరికా వచ్చినది. తక్కిన దంతయు అదియే.

2023-24లో అమెరికా విద్యాలయములందు 3,31,602 మంది భారతీయ విద్యార్థులుండిరి. మరుసటి సంవత్సరమున ఆ సంఖ్య 3,63,019కి పెరిగెను. వారిలో తెలుగువారు స్వల్పసంఖ్యాకులు కారని వేరుగ చెప్పనక్కరలేదు.

విదేశవిద్యను మేము నిందించుట లేదు. 1888లో గాంధీజీ లండనుకు పోయినపుడు కులమువారు వెలివేసిరి. ఆ కాలము పోయినందుకు సంతసింతము. మన పొరుగున చిత్తూరు మండలములోని కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రభుత్వ విద్యార్థివేతనముతో కేంబ్రిడ్జిలో చదివి వచ్చి 1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు ప్రథమ వైస్ ఛాన్సలరైరి. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో బోస్టను చేరి, ఆసుపత్రిలో కూలిపని చేసికొనుచు చదివి, మరల స్వదేశము చూడకయే 1948లో మరణించిరి. ఐనను వారి పరిశోధనల ఫలము నేడు మన ఆసుపత్రులలో రోగుల ప్రాణములు నిలుపుచున్నది. కావున తిరిగి రానివాడు దేశద్రోహియను వాదము మాకు సమ్మతము గాదు. వీరిరువురు పోయినది విద్యకొరకు. నేడు పలువురు కొనునది విద్యగాదు, విద్య పేరిట లభించు పనిచేయు అనుమతి. ఆ అనుమతి వెల మెట్టపొలముతో తూగుచున్నది.

అమెరికాలో రెండేండ్ల ఎం.ఎస్. చదువునకు జీతము, బస, భోజనము కలిపి సామాన్యముగా 40 మొదలు 60 లక్షల రూపాయలగును. విద్యాఋణము 7.5 లక్షలు మించినచో బ్యాంకులు ఆస్తి హామీ నడుగును. కర్నూలులో మిద్దెగలవానికి చిక్కు లేదు. కోయిలకుంట్ల నల్లరేగడిలో పదియెకరముల సెనగచేను గలవానికో? 2002నాటి సర్ఫేసీ చట్టపు 31వ విభాగము వ్యవసాయభూమిని జప్తునుండి మినహాయించినది. రైతును కాపాడుటకు చేసిన నియమమది, మంచిదే. కాని దానివలన చదువు అప్పునకు చేనును తనఖాగా గైకొనుటకు బ్యాంకులు వెనుదీయును. అంతట రైతు చేయునదేమి? నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ప్రాంసరీనోటు వ్రాయును, లేదా చేనమ్మును. వరుని వెల పెండ్లిబజారులో పెరుగునను ఆశయు కొందరిచేత ఈ పని చేయించుచున్నది. సిగ్గుతో నైనను ఒప్పుకొనవలసిన మాట.

సీమ అప్పు మనకు కొత్తది గాదు. సుంకేశుల కడ తుంగభద్రకు ఆనకట్ట కట్టి కర్నూలు-కడప కాలువను త్రవ్విన కంపెనీ తన మూలధనమును లండనులో సేకరించెను. పది లక్షల పౌనులపై నూటికైదు వడ్డీకి దొరతనమువారు హామీ యుండిరి. నీరు పారినను పారకున్నను లండను వాటాదారునకు వడ్డీ ముట్టెను. ముట్టినది ప్రజల పన్నులనుండి. తుదకు 1882లో ఆ కాలువను ప్రభుత్వమే కొనెను. నాడు సీమ వాటాదారునకు సర్కారు హామీ. నేడు మన రైతుబిడ్డకు హామీ యెవ్వరు?

ఎవ్వరును లేరని రెండుమారులు తెలిసివచ్చినది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయముపై అధికారులు దాడి చేసిరి. అందలి విద్యార్థులలో అత్యధికులు ఆంధ్రులు. కొందరి కాళ్లకు జాడ తెలుపు యంత్రములు తగిలించిరి. విదేశీయులను చేర్చుకొను అనుమతి ఆ సంస్థకుండెను. విద్యాసంస్థగా గుర్తింపు మాత్రము లేదు. ఈ రెండును వేరను సంగతి మన తండ్రుల కెవ్వరు చెప్పిరి? 2019లో మరింత చోద్యము. మిషిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమును పేర అమెరికా ప్రభుత్వమే ఒక బూటకపు సంస్థను పెట్టినది. ఉపాధ్యాయుడు లేడు, తరగతి లేదు. గుర్తింపు గలదని మాత్రము లోకమును నమ్మించిరి. 129 మంది భారతీయ విద్యార్థులను నిర్బంధించిరి. దళారులుగా నేరారోపణ పొందిన ఎనమండుగురును మనవారే. మోసమని తెలిసి చేరినవారు అందుండిన ఉండవచ్చును. ఐనను పాముపుట్టను తానే కట్టి, చేయిపెట్టినవానిని దండించు ప్రభుత్వనీతిని మేము మెచ్చజాలము.

సక్రమముగా చదివినవానికిని నిశ్చింత లేదు. చదువు ముగిసిన పిదప ఒక సంవత్సరము, శాస్త్రసాంకేతిక విద్యలలో మరి రెండు సంవత్సరములు పనిచేయనిత్తురు. ఆ మీది హెచ్-1బి అనుమతులు ఏటికి 85,000. లక్షలమంది పోటీపడగా చీట్లు తీసి పంచిన ఏండ్లు పెక్కు. 2025 మే నెలలో విద్యార్థి వీసాల కొత్త సంభాషణలను కొన్ని వారములు నిలిపివేసిరి. ఆ సెప్టెంబరులో, విదేశమునుండి రప్పించుకొను కొత్త ఉద్యోగికై యజమాని లక్ష డాలర్లు చెల్లింపవలెనని అధ్యక్షుడు ప్రకటించెను. వాషింగ్టనులో ఒక సంతకము పడిన నాడు ప్రొద్దుటూరులో ఒక ప్రాంసరీనోటు బరువెక్కుచున్నది. వానకు వెరచి బ్రతికిన రైతు ఇక పరదేశపు సంతకమునకును వెరవవలసివచ్చినది.

ఇల్లు కదలకయే చదువవచ్చును గదా యందురు. శ్రీబాగు ఒడంబడికలో 1937లోనే ఈ సీమకు విశ్వవిద్యాకేంద్రము మాటయిచ్చిరి. తిరుపతిలో విశ్వవిద్యాలయము 1954లో, కడపలో యోగివేమన 2006లో, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయము 2008లో వెలసినవి. రాష్ట్ర విశ్వవిద్యాలయములలో మూడువేలకు పైబడిన అధ్యాపకస్థానములను నింపుదుమని 2023లో ప్రకటించిరనగా అంతవరకు అవి ఖాళీగ నుండెననియే గదా! గురువులు లేని చోట నిలిచి చదువుమని బాలురకు చెప్పు ధైర్యము మాకు లేదు.

ప్రభుత్వము 2022లో ప్రకటించిన విదేశీ విద్యాదీవెన అగ్రశ్రేణి విద్యాలయములలో చేరినవారికి మాత్రమే వర్తించెను. దళారి చూపునది ఆ శ్రేణి గాదు. జర్మనీలో పెక్కు ప్రభుత్వ విశ్వవిద్యాలయములు విదేశీయులనుండియు బోధనరుసుము గొనవు. కమీషను రాని ఊరి పేరు దళారి నోట వచ్చునా? అతడు ఏ కాలేజీనుండి ఎంత గొనుచున్నాడో తండ్రి చేతికి వ్రాసి యిచ్చునట్లు శాసింపవలెను. కడప, కర్నూలు విశ్వవిద్యాలయములలో ఒక్కొక్క గది, ఇద్దరేసి ఉద్యోగులు చాలును: వచ్చిన ప్రవేశపత్రము ఏ సంస్థది, దానికి గుర్తింపు గలదా, జీతమెంత యని ఉచితముగా చెప్పుటకు. మెట్టరైతు బిడ్డల ఋణమునకు రాష్ట్రప్రభుత్వమే హామీ యుండవలెను. ఇది రాబోవు బడ్జెటులో రాయదగిన పద్దు. అంతవరకు, చేను రిజిస్టరు కచ్చేరికి పోవు తండ్రి ఆ ప్రవేశపత్రమును ముందుగా చదువ నేర్చినవానిచేత ఒకమారు చదివించుకొనుగాక.