సముద్రంలో విలన్ ఎవరు?

తెరనిండా నీలం నీళ్లు. ఎవరో అమ్మాయి హాయిగా ఈదుకుంటూ పోతోంది. వెనకనుంచి రెండే రెండు స్వరాలు... డుడుం... డుడుం! అంతే, హాల్లో ఉన్నవాళ్లందరి కాళ్లూ కుర్చీల మీదికి లేస్తాయి. ఎవరికో మూడిందన్నమాటే!

1975లో వచ్చిన 'జాస్' చలవ ఇది. జాన్ విలియమ్స్‌గారి ఆ రెండు స్వరాలు ప్రపంచాన్ని ఎంత హడలగొట్టాయంటే, ఆ సినిమా చూడనివాళ్లు కూడా సొరచేప పేరు చెబితే రెండడుగులు వెనక్కి వేస్తారు. మోకాలిలోతు నీళ్లలో నిలబడి "సొర వస్తుందేమోరా" అని గుటకలు మింగినవాణ్ణి నేను సూర్యలంక బీచిలో చూశాను.

ఇన్నాళ్లూ ఈ శీర్షికలో తెరమీద విలన్ల గురించి రాస్తూ వచ్చాను కదా, సముద్రపు విలన్‌గారిని కూడా స్వయంగా కలిసి వద్దామని ఈమధ్య ఒక వారంపాటు మాల్దీవుల్లో పడవ మీద కాపురం పెట్టి వచ్చాను. ఇంటర్‌వ్యూ దొరికిందా అంటారా? దొరికింది. కానీ విలన్ ఆయన కాదు!

పడవే ఇల్లు

తిరువనంతపురంలో విమానం ఎక్కితే గంటన్నరలోపే మాలె. మొత్తం 1,200 దాకా చిన్న చిన్న దీవులు. పగడాలు కట్టిన వలయాల మీద పూసల్లా గుచ్చినట్టుంటాయి. ఆ వలయాలను వాళ్ల దివేహి భాషలో 'అతొళు' అంటారు. ప్రపంచమంతా వాడే 'అటాల్' అనే మాట వాళ్లిచ్చిందే. వాళ్ల పడవ పేరు ఇంకా తమాషా. 'దోని'! మన దోనె గుర్తొచ్చి నాకు ప్రాణం లేచివచ్చింది.

మేమెక్కిన పెద్ద పడవను అక్కడ సఫారీ బోటు అంటారు. తిండి, నిద్ర, కబుర్లు అన్నీ దానిమీదే. దాని వెంటే ఒక దోని వస్తుంది. గాలి సిలిండర్లు, కంప్రెసరు, మన సరంజామా అంతా అందులో. పొద్దున్న ఆరింటికల్లా గంట కొడతారు. గైడు తెల్లబోర్డు మీద దిబ్బ బొమ్మ గీసి, ప్రవాహం ఎటు, లోతెంత, ఎక్కడ దిగాలి, ఎక్కడ తేలాలి అన్నీ చెబుతాడు. అచ్చం డైరెక్టరు షాట్ వివరించినట్టే. కాకపోతే ఇక్కడ రెండో టేకు ఉండదు. మొదటి మునక అయ్యాక టిఫిను. మాస్ హుని అంటే ట్యూనా చేప, కొబ్బరికోరు, ఉల్లిపాయ, మిరపకాయ కలిపి చేసేది. మన చపాతీకి చెల్లెలు లాంటి రోషితో తింటారు. పదకొండింటికి రెండో మునక, మూడింటికి మూడోది, కొన్ని రాత్రులు టార్చిలైట్లతో నాలుగోది. ఏడు రోజుల్లో పదిహేడుసార్లు దిగాం.

చివరిరోజు మాత్రం ఒక్క మునకా లేదు. ఎందుకంటే ఒత్తిడిలో రక్తంలో కరిగిన నత్రజని అంత త్వరగా వదిలిపోదు. కనీసం 18 గంటలు ఆగకుండా విమానమెక్కితే అది బుడగలు కట్టి కీళ్లనీ నరాలనీ పట్టుకుంటుంది.

ఆక్సిజన్ కాదండీ, గాలి!

ఇక్కడ మన సినిమా రచయితలకు ఒక మనవి. హీరో వీపుమీద ఉండేది ఆక్సిజన్ సిలిండరు కాదు. మనం పీల్చే మామూలు గాలే. దాన్ని 200 బార్ల ఒత్తిడితో సిలిండర్లో కుక్కుతారు. ఉత్త ఆక్సిజన్ అయితే ఆరు మీటర్లు దాటి దిగితే విషంతో సమానం, మూర్ఛ వస్తుంది. ఈ సిలిండర్లోంచి అడిగినప్పుడల్లా, అడిగినంతే గాలి నోటికందించే యంత్రాన్ని 1943లో ఫ్రెంచివాళ్లు జాక్ కుస్తో, ఎమిల్ గన్యాన్ కలిసి తయారు చేశారు. ఆ కుస్తోగారే తరువాత లూయీ మాల్‌తో కలిసి తీసిన 'ద సైలెంట్ వరల్డ్' 1956లో కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి కొట్టేసింది. ఆ పైన ఆస్కారు కూడా!

ఇంకో సంగతి. నీళ్లలో బొటనవేలు పైకెత్తి "సూపర్" అన్నారనుకోండి, మీ జట్టంతా పైకి పోవడానికి సిద్ధమైపోతుంది. అక్కడ ఆ సైగకి అర్థం "పైకి పోదాం" అని. బాగుంది అని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఎరుపు రంగు కూడా కిందికి పోయేకొద్దీ మాయమవుతుంది. వేలు తెగితే నెత్తురు నల్లగానో ఆకుపచ్చగానో కనిపిస్తుంది. సముద్రం అడుగున ఎర్రెర్రటి రక్తం పారించే డైరెక్టర్లకి నమస్కారం.

అన్నిటికన్నా పెద్ద రూలు ఒకటుంది. ఏం జరిగినా ఊపిరి బిగబట్టకూడదు. ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణం బరువు మీద పడుతుంది. కింద నొక్కుకుపోయిన గాలి పైకి వస్తుంటే ఉబ్బుతుంది. నోరు మూసుకుని పైకి పరుగెత్తితే ఆ ఉబ్బేది ఎక్కడో కాదు, మీ ఊపిరితిత్తుల్లోనే.

ఇరవై నాలుగు మీటర్ల కింద

ఈ రూలు ఎంత నిజమో మూడోరోజున వావు అటాల్లో తెలిసింది. నా జోడీ విజయనగరం కుర్రాడు. బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం. మొదటిరోజు నుంచీ అతనిది ఒకటే ప్రశ్న. "ఏటన్నా, నిజంగా అవి కరవవా?" నేను "కరవవు తమ్ముడూ" అనడం, అతను నమ్మకపోవడం.

ఆరోజు దిగింది 'కందు'లో. అంటే రెండు దిబ్బల మధ్య సముద్రం లోపలికి దూసుకొచ్చే కాలువ. గాలివానలో జెండాలా కొట్టుకుపోతాం. అందుకని చచ్చిపోయిన రాతికి ఒక కొక్కెం తగిలించి, దాని తాడు పట్టుకుని వేలాడుతూ చూడాలి. లోతు 24 మీటర్లు. బూడిదరంగు సొరలు అప్పుడే ఒకటీ రెండూ కనిపిస్తున్నాయి.

ఇంతలో పక్కనున్న ఎవరిదో కాలి రబ్బరు రెక్క వచ్చి మావాడి ముఖానికి తగిలింది. మాస్క్ పక్కకి జరిగి నీళ్లు నిండిపోయాయి. అతనికేమీ కనబడదు. ముక్కులోకి ఉప్పునీళ్లు. గబగబా బొటనవేలు పైకి చూపించి తాడు వదిలేశాడు. నోట్లోంచి బుడగలు రావడం ఆగిపోయింది.

బుడగలు ఆగాయంటే ఊపిరి బిగబట్టాడన్నమాట. ఆ లోతులో ఉన్న గాలి ఉపరితలానికి వచ్చేసరికి మూడు రెట్లకు పైగా ఉబ్బుతుంది. అలాగే పైకి పోతే ఏమవుతుందో ఆలోచించడానికి టైము లేదు. నేనతని జాకెట్టు పట్టీ పట్టుకున్నాను. గైడు రెండోవైపు నుంచి వచ్చి, అతని చేతిని తన గుండెమీద పెట్టుకుని, బాగా పెద్దగా ఊపిరి పీల్చి వదిలాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. కళ్లు కనపడని వాడికి చేతితో పాఠం చెప్పాడు!

నాలుగోసారికి మావాడి నోట్లోంచి బుడగలు వచ్చాయి. ఆ బుడగల్ని చూసినంత సంతోషంగా నేను ఏ హీరో ఎంట్రీనీ చూడలేదు. తరువాత తల పైకెత్తి, మాస్క్ పై అంచు నొక్కి, ముక్కుతో గట్టిగా ఊదాడు. నీళ్లు పోయాయి. ముగ్గురం మెల్లగా, నిమిషానికి తొమ్మిది మీటర్ల చొప్పున పైకి వచ్చి, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి తేలాం.

దోని ఎక్కాక పది నిమిషాలు అతను మాట్లాడలేదు. తువ్వాలు కప్పుకుని టీ తాగాక మెల్లగా అడిగాడు. "అన్నా, మన ఎనకాల సొరలు ఉన్నాయా?"

"పన్నెండు లెక్కపెట్టాను తమ్ముడూ. నీ నెత్తిమీంచే పోయాయి."

"బాబోయ్! నేను సూసుకోనే లేదన్నా!"

చూశారా! మొదటిరోజు నుంచీ ఎవరికి భయపడ్డాడో వాళ్లు పక్కనే ఉన్నారు, ఏమీ చెయ్యలేదు. ప్రాణం మీదికి తెచ్చింది బిగబట్టిన ఊపిరి.

రబ్బరు సొర కథ

ఆ రాత్రి డెక్ మీద 'జాస్' కబుర్లే కబుర్లు. ఆ సినిమా కోసం చేసిన యంత్రపు సొర ఉప్పునీళ్లలో దిగగానే మొరాయించింది. చూపిద్దామంటే సొర పనిచెయ్యదు. అందుకని స్పీల్‌బర్గ్ సొరను దాచేసి పీపాలతో, సంగీతంతో భయపెట్టాడు. అదే కలిసొచ్చింది. అసలైన సొరల షాట్లు రాన్, వాలరీ టేలర్ అనే ఆస్ట్రేలియా దంపతులు తమ దేశపు దక్షిణ తీరంలో తీశారు. అక్కడి సొరలు సినిమాకి కావలసినంత పెద్దవి కావు. దానికేం చేశారు? చిన్న బోను చేయించి, పొట్టిగా ఉండే మనిషిని డూపుగా తెచ్చారు. సొర తనంతట తానే పెద్దదైపోయింది! ఒక సొర బోను తాళ్లలో చిక్కుకుని గిలగిల్లాడింది. అప్పుడు బోనులో మనిషి లేడు. ఆ షాట్ అద్భుతంగా రావడంతో, నవలలో చచ్చిపోయే పాత్రను సినిమాలో బతికించేశారు.

అంతా బాగానే ఉంది. కానీ సినిమా తరువాత కొన్ని తీరాల్లో సరదాకి సొరల వేట పెరిగింది. ఆ నవల రాసిన పీటర్ బెంచ్లీ 2006లో చనిపోయేదాకా సొరల రక్షణకోసమే ప్రచారం చేశాడు. స్పీల్‌బర్గ్ కూడా 2022లో బీబీసీ రేడియోలో తన సినిమావల్ల సొరలకు జరిగినదానికి విచారం వెలిబుచ్చాడు. లెక్క వినండి. ప్రపంచం మొత్తం మీద, ఎవరూ కవ్వించకుండా సొర కరిచి చనిపోయేవాళ్లు ఏడాదికి సగటున ఐదారుగురు. మనిషి చేతిలో చచ్చే సొరలు ఏడాదికి సుమారు 10 కోట్లని 2013లో శాస్త్రజ్ఞులు అంచనా కట్టారు. మరి ఎవరికి ఎవరు విలన్?

నాన్న పట్టాడు, కొడుకు చూపిస్తాడు

మా గైడుకి యాభై ఏళ్లుంటాయి. హిందీ సినిమాలు చూసి నేర్చుకున్న హిందీలో మాతో మాట్లాడేవాడు. మేం భాయ్ అనేవాళ్లం. వాళ్ల నాన్న సొరల్ని వేటాడి సంసారం ఈదాడట. సొర కాలేయం నూనె చెక్కపడవలకి పూస్తే చెక్క పాడవదు. రెక్కలు ఎగుమతికి పోయేవి.

"2010లో సొరల వేట దేశమంతా నిషేధించినప్పుడు మా నాన్న మండిపడ్డాడు. నా గాలం తీసేసి నీ పొట్ట నింపారా అని నన్ను అడిగాడు" అన్నాడు భాయ్.

"మరి మీరేమన్నారు?"

"ఏమంటాను? ఆయన అడిగింది నిజమే కదా. అప్పటికే నేను సొరల్ని చూపించి బతుకుతున్నాను."

1993లోనే అక్కడ లెక్క కట్టారు. పట్టుకున్న బూడిద సొరతో జాలరికి వచ్చేది 32 డాలర్లు, అదీ ఒక్కసారే. అదే సొర దిబ్బమీద బతికుంటే, చూడవచ్చేవాళ్ల వల్ల ఏడాదికి సగటున 3,300 డాలర్లు! నిషేధం మంచిదే. కానీ ఆ డాలర్లు ముసలాయన జేబులోకి రాలేదు. అది కూడా చెప్పాలి.

ఆరోరోజున దక్షిణ అరి అటాల్లో వేల్ షార్క్ కనిపించింది. సగం ఆర్టీసీ బస్సంత ఉంది. ఒంటినిండా చుక్కలు. తినేది కంటికానని నలుసుల్లాంటి జీవులు! మావాడు దాని పక్కనే ఈదుతూ నాకు సున్నా చుట్టి చూపించాడు. బుడగలు చక్కగా వస్తున్నాయి.

అసలు విలన్

ఇంక అసలు విలన్ సంగతి. ఆ వేల్ షార్కుని చూసి వస్తూ, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగినప్పుడు కిందికి చూశాను. విరిగిన ఎముకల గుట్టలా బూడిదరంగు ముక్కలు. ఒకప్పటి పగడాలు అవి. పగడం అంటే రాయి కాదు, ప్రాణి. దాని ఒంట్లో నాచులాంటి సూక్ష్మజీవులు ఉండి అన్నం వండిపెడతాయి, రంగూ ఇస్తాయి. సముద్రం మామూలు వేసవి వేడికన్నా ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ వంటవాళ్లను బయటికి గెంటేస్తుంది. తెల్లబడుతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చస్తుంది. 1998లో మాల్దీవుల్లో లోతు తక్కువ చోట్ల ఎక్కువభాగం అలాగే పోయాయి. కోలుకుంటుండగా 2016లో మళ్లీ దెబ్బ. 2024లో ప్రపంచమంతటా నాలుగోసారి పగడాలు తెల్లబడుతున్నాయని ప్రకటించారు.

2009 అక్టోబరులో ఆ దేశాధ్యక్షుడు మహమ్మద్ నషీద్ మంత్రులకి సిలిండర్లు తగిలించి సముద్రం అడుగున మంత్రివర్గ సమావేశం పెట్టాడు. సినిమా ఫక్కీలో ఉందని అప్పట్లో చాలామంది నవ్వుకున్నారు. ఆ దేశపు నేలలో ఎక్కువభాగం సముద్రానికి ఒక్క మీటరు ఎత్తు కూడా లేదు. చుట్టూ పగడపు గోడ ఉన్నంతకాలమే అలలు ఆగేది. ఇప్పుడు నవ్వొస్తుందా?

ఈ విలన్‌కి కోరలు లేవు, సంగీతం లేదు, క్లోజప్పులో చూపించడానికి ముఖం లేదు. పొగ గొట్టాల్లోంచీ, మన బళ్లలోంచీ, ఈ రచయిత ఎక్కిన విమానంలోంచీ వస్తుంది. అందుకే ఏ నిర్మాతా దీన్ని పెట్టి సినిమా తియ్యడు.

సరే, మీరు సినిమాలో సొరను చూసి హాయిగా భయపడండి. టికెట్టు కొన్నది అందుకేగా! కాకపోతే లైట్లు వెలిగాక ఆ భయాన్ని కుర్చీలోనే వదిలేసి బయటికి రండి. ఈసారి తెరమీద హీరో లోతులోంచి పైకి దూసుకొస్తుంటే నోట్లోంచి బుడగలు వస్తున్నాయో లేదో కాస్త చూడండి. రాకపోతే పక్కవాడితో పందెం కట్టండి, పైకి వచ్చాక వాడు డ్యూయెట్ పాడలేడని!