కుటుంబ ఆరోగ్యం: చేతికి మళ్లీ బడి



మార్కు సువార్త మూడవ అధ్యాయంలోని ఊచచెయ్యి గల మనుష్యుని సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. ప్రభువు మాట సెలవియ్యగానే అతని చెయ్యి బాగుపడింది. వైద్యుల ద్వారా స్వస్థత పొందేవారికి మాత్రం చెయ్యి బాగుపడడం ఒక ఎత్తు, అది పని నేర్చుకోవడం మరొక ఎత్తు. ఈ రెండవ దానిని మన కుటుంబాలు పట్టించుకోవు. అందుకే ఈ నెల దానిని గూర్చి వ్రాస్తున్నాను.

డాక్టర్ పాల్ బ్రాండ్ 1914లో నేటి తమిళనాడులోని కొల్లి కొండలలో మిషనరీ దంపతులకు జన్మించారు. వైద్యం చదవకముందు వడ్రంగం, ఇళ్ల కట్టుబడి నేర్చుకున్నారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. అక్కడ కుష్ఠు వచ్చినవారి చేతులు పరీక్షించి ఒక సంగతి కనిపెట్టారు. అరచేతిలోని చిన్న కండరాలు చచ్చుబడి వేళ్లు కొంకర్లు పోయినా, ముంజేతి కండరాలు చాలామందిలో గట్టిగానే ఉన్నాయి. అయితే ఉన్న బలాన్ని లేనిచోటికి మళ్లించవచ్చు కదా!

ఉంగరపు వేలిని వంచడానికి రెండు స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లు, ఉన్నాయి. వాటిలో ఒకదానిని తీసి, చర్మం కిందుగా పోనిచ్చి, బొటనవేలికి కుడతారు. సుమారు మూడు వారాలు పిండికట్టు ఉంటుంది. కట్టు విప్పిన రోజున అసలు చదువు మొదలవుతుంది. తాడు మారిన సంగతి మెదడుకు తెలియదు. బొటనవేలు కదుపు అంటే కదలదు. "ఉంగరపు వేలు వంచు" అంటారు వ్యాయామం చేయించేవారు. వంచబోతే బొటనవేలు ముందుకు వస్తుంది! రోగి తెల్లబోతాడు. కంటితో చూస్తూ మళ్లీ మళ్లీ చేస్తాడు. అనుకున్న కదలికకూ జరిగిన కదలికకూ తేడాను సరిచేసే పని ఎక్కువగా చిన్నమెదడుది. కొన్ని వారాలకు ఉంగరపు వేలి ఆలోచన పోయి, బొటనవేలు అనుకోగానే బొటనవేలే వస్తుంది. నాట్లకు కొత్తగా దిగిన పిల్ల ప్రతి కుదురూ చూసుకుని పాతుతుంది. ఆమె అత్త కబుర్లు చెబుతూనే వరుస సాగిస్తుంది. ఇదీ అంతే. ఒకేసారి అలిసిపోయేదాకా చేయడంకంటె పూటపూటా కొంచెం చేయడం మేలు.

మరొక చిక్కు ఉన్నది. గ్లాసు పట్టుకున్నప్పుడు అది జారకుండా ఎంత బిగించాలో మన వేళ్ల చర్మమే మెదడుకు చెబుతుంది. కుష్ఠులో ఆ స్పర్శ పోతుంది. తుప్పు పట్టిన తాళం బ్రాండ్ గారికి తిరగలేదు. వ్యాధి ఉన్న ఒక అబ్బాయి ఇట్టే తిప్పేశాడు. చూస్తే తాళంచెవి వేలిని ఎముకదాకా కోసింది, పిల్లవానికి నొప్పే తెలియలేదు! శస్త్రచికిత్స చేసినా స్పర్శ తిరిగి రాదు. కనుక చర్మం చేసే పని కన్ను చేయాలి. కొడవలి పిడికి గుడ్డ చుట్టాలి, పొయ్యిమీది గిన్నెను పట్టకారుతోనే దించాలి, రోజూ సాయంత్రం దీపం దగ్గర చేతులు చూసుకోవాలి.

ఇంటివారితో ఒక మాట. ప్రేమకొద్దీ ముద్దలు కలిపి నోట పెట్టే తల్లులున్నారు. అన్నం చిందినా, గంట పట్టినా, ఆ ముద్ద అతనినే కలుపుకోనివ్వండి, అమ్మా. పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవారి విషయంలోనూ ఇదే పద్ధతి.

కుష్ఠుకు పూర్తిగా నయం చేసే మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇస్తారు. స్పర్శ లేని మచ్చ కనబడినా, చేతిలో పట్టు తగ్గినా దాచవద్దు. బలహీనత మొదలైన ఆరు నెలలలోపు మందులు వాడితే చాలామందికి నరం కోలుకుంటుంది, శస్త్రచికిత్స అవసరమే రాదు. ఆలస్యమైనవారికి సాలూరు ఫిలదెల్ఫియ ఆసుపత్రి, వేలూరు దగ్గర కరిగిరి ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఇంట్లో వంటచేసే మనిషిని వెంట తీసుకుని వెళ్లండి. తిరిగి వచ్చాక దగ్గరుండి అభ్యాసం చేయించవలసింది ఆమే.