బాన్సురిని గద్దెనెక్కించింది మైకే

హిందుస్తానీ విద్వాంసుడు పన్నాలాల్ ఘోష్ వాయించిన బాన్సురి (వెదురు వేణువు) పొడవు దాదాపు 32 అంగుళాలు. రంధ్రాలు మూయాలంటే వేళ్లు బాగా చాపాలి, ఏ వేలు కింద రవ్వంత సందు మిగిలినా గాలి జారి స్వరం చెడుతుంది. ఈ నిడివి వల్లే హిందుస్తానీ గానశైలి ఖయాల్‌కు కావాల్సిన మంద్రస్థాయి వెదురుకు దక్కింది. ఇంతవరకూ అందరూ చెప్పేదే. కానీ ఆ మంద్రస్వరం ఎంత మెత్తనిదంటే, నిండు సభలో వెనక వరసలకు చేరదు. దాన్ని చేర్చింది మైకు. ఆ మైకు ముందు ఆయన్ని కూర్చోబెట్టింది సినిమా, రేడియో. కలకత్తా న్యూ థియేటర్స్‌లో పనిచేసి, బొంబాయిలో ‘బసంత్’ సినిమా (1942)కు సంగీత దర్శకుడిగా పేరు వేయించుకుని, 1956లో ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందాన్ని చేపట్టిన మనిషిని ‘సినిమాలు చేసినా శాస్త్రీయ విద్వాంసుడే’ అని వెనకేసుకు రావడం నాకు నచ్చదు. సినిమాలు చేశాడు కాబట్టే ఆ స్థాయి విద్వాంసుడయ్యాడంటాను. మరి సరోద్ గురువు అల్లాఉద్దీన్ ఖాన్ దగ్గర శిష్యరికం మాటేమిటంటారా? అది 1947లో మొదలైంది. రాగవిద్య అక్కడ పదునెక్కిన మాట నిజమే గానీ, పొడవాటి వేణువు అప్పటికే చేతికొచ్చింది. మైకు లేని రోజుల్లోనే కర్ణాటక వేణు విద్వాంసుడు కుంభకోణం శరభశాస్త్రి కచేరీలు చేయలేదా అన్న ప్రశ్న ఇంకాస్త గట్టిది. చేశారు. అయితే కర్ణాటక వేణువు పొట్టిది, హెచ్చు శ్రుతిది, దాని గొంతు దూరం పోతుంది. తర్వాతి తరంలో బాన్సురి విద్వాంసుడు హరిప్రసాద్ చౌరాసియా నడిచిన దారీ చూడండి: 1957లో కటక్ రేడియోలో ఉద్యోగం, ఆపైన బొంబాయి స్టూడియోలు, అల్లాఉద్దీన్ ఖాన్ కూతురు అన్నపూర్ణాదేవి గడప శిష్యుడిగా తొక్కింది ఆ తర్వాతే.